తట్టని చోటు

కొమురెల్లి ఎవరింటికి పోయినా గడప దాటగానే మనుషుల్ని చూడడు, పైకప్పును చూస్తాడు. కూతురి పెళ్లి సంబంధం మాట్లాడటానికి పోయిన ఇంట్లో కూడా అదే పని. చాయ్ చేతికిచ్చిన కాబోయే వియ్యంకుడు తన స్లాబుకేమైనా అయిందేమోనని తానూ పైకి చూశాడు. అక్కడేమీ కనిపించకపోయేసరికి ఈయనకేమైనా అయిందేమోనని అనుకున్నాడు. అనుకోనీ. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో దిగి ఎక్కిన మనిషి, అందులో ఇరవై ఆరేళ్లు సర్దార్ పని చేసిన మనిషి పైకి చూడక ఎక్కడ చూస్తాడు?

గోదావరిఖనిలో సర్దార్ అంటే ఎవరన్నది బళ్లో పిల్లల్ని అడిగినా చెబుతారు. తెలియని వాళ్ల కోసం నేను చెబుతున్నాను. షిఫ్టు మనుషులు పని మొదలుపెట్టక ముందే సర్దార్ ఆ చోటికి పోవాలి. పొడుగాటి కర్రతో కప్పును తట్టాలి. రాయి గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పగిలి వేలాడుతుంటే బొదబొదమంటుంది. ఖంగుమంటే పక్కనున్న బొగ్గుగోడ మీది నిన్నటి తారీఖును అరచేత్తో తుడిచి, సుద్దముక్కతో ఇవాళ్టి తారీఖు వేసి, కింద తన పేరులోని మొదటి అక్షరం రాయాలి. కొమురెల్లిది 'కొ'. ఆ 'కొ' కనబడితేనే మిగతావాళ్లు తట్టలు కింద పెట్టి పనిలోకి వంగుతారు. పెద్ద పెద్ద కాగితాల మీద సంతకాలు పెట్టే వాళ్లను చాలామందిని చూశాను గానీ, ఒక్క అక్షరం కింద ఇంతమంది నిశ్చింతగా నిలబడటం నేనింకెక్కడా చూడలేదు.

రిటైరై రెండేళ్లయినా అతని చొక్కా జేబులో సుద్దముక్క ఉండేది. చొక్కాలు ఉతికే భార్య లస్మవ్వ ఆ సుద్దను తిట్టని రోజు లేదు.

పని లేని మనిషికి కాలు ఒకచోట నిలవదు. చౌరస్తా దగ్గర రఘుపతి అనే పెయింటర్ దుకాణం ఉంది. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాయించుకునే వాళ్లు తగ్గి, యూనియన్ ఎన్నికలప్పుడు గోడరాతలు, మిగతా రోజుల్లో బండి నంబర్ ప్లేట్లు మిగిలాయి. కొమురెల్లి రోజూ పొద్దున అక్కడ కూర్చొని రఘుపతి చేతివైపు చూస్తుండేవాడు. ఒకనాడు పాత డబ్బాల మధ్య అట్ట ఊడిపోయిన బొమ్మల పుస్తకం దొరికింది. ఏదో చలిదేశపు ఆడమనిషి ఉత్త నలుపుతో వేసిన బొమ్మలు. కూలీలు, వాళ్ల తల్లులు, ఆకలితో వంగిన వీపులు. కొమురెల్లి ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకొని మధ్యాహ్నం దాకా లేవలేదు. బాయిలో నలుపు ఎన్ని రకాలో అతనికి తెలుసు. తడిసిన బొగ్గు నలుపు వేరు, పొడిబారింది వేరు, దీపం వెలుగు అంచున ఉండే నలుపు వేరు. అవన్నీ తనకొక్కడికే తెలుసనుకున్నాడు పాపం. ఎక్కడో పుట్టి ఎప్పుడో పోయిన ఆడమనిషికి కూడా తెలిసిపోయాయి! ఆమె పేరు నోరు తిరగక 'నల్లబొమ్మల అక్క' అని పిలుచుకునేవాడు.

ఆ అక్కను చూసి బొమ్మలు మొదలుపెట్టాడు. అరవై మూడేళ్ల వయసులో. వాడకట్టు వాళ్లు ఊరుకుంటారా? మనవళ్లను ఆడించే ఈడులో ఈయనకు బొమ్మలాట పట్టుకుందన్నారు. పెన్షన్ తిన్నది అరక్క అన్నారు. ఇంట్లో లస్మవ్వ, బాయిలో నువ్వు నల్లగైతివి, ఇప్పుడు ఇల్లు కూడా నల్లగ చేస్తున్నావా అని కడిగిపారేసింది. కొమురెల్లికి మామూలుగానే ముక్కు మీద కోపం. ఎంతమంది నవ్వితే అన్ని కాగితాలు ఎక్కువ తెచ్చాడు.

నలభై కాగితాలయ్యాక వాటిని చంకలో పెట్టుకొని విజయేంద్ర సార్ దగ్గరికి పోయాడు. ఆయనది మంథని. బళ్లో డ్రాయింగ్ మాస్టరుగా చేసి దిగిపోయిన పెద్దమనిషి. ఆదివారాలు ఖనికి వచ్చి పిల్లలకు బొమ్మలు నేర్పుతాడు. గోదారిగట్టు చిత్రకారుల సమితి అని పెట్టి ఏడాదికోసారి ప్రదర్శన కూడా నడుపుతాడు. కాగితాలన్నీ ఓపిగ్గా తిప్పి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చెయ్యి మంచిదే కొమురెల్లీ. కానీ ఇవి ఆమె బొమ్మలు. తలకాయల మీది బాయి టోపీలు మాత్రమే నీవి."

నిజం చెప్పిన వాడి మీద వచ్చే కోపం తొందరగా పోదు. కొమురెల్లి వారం రోజులు సార్‌ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాడు. ఎనిమిదో రోజు బస్సెక్కి చేర్యాల పోయాడు. కులకథలు చెప్పేవాళ్ల కోసం పటాలు వేసే ఇళ్లు అక్కడున్నాయని ఎవరో చెప్పారు. ఒక ముసలమ్మ దగ్గర మూడు రోజులు కూర్చొని ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, బంక కలిపి ఎట్లా పట్టించాలో నేర్చుకున్నాడు. కథను పైనుంచి కిందికి అరలు అరలుగా ఎట్లా దించుతారో, ఒక అరకూ ఇంకో అరకూ మధ్య పూలబద్దె ఎట్లా గీస్తారో చూశాడు. ఇంటికొచ్చి ఎర్రటి గుడ్డ మీద గుండ్రటి కళ్ల దేవుళ్లను వేసి, వాళ్ల చేతుల్లో తట్టా పారా పెట్టి మళ్లీ సార్‌కు చూపించాడు. సార్ ఈసారి కళ్లద్దాలు కూడా తియ్యలేదు. ఇప్పుడు టోపీలు కూడా నీవి కాకుండా పోయాయన్నాడు.

అంత మాట పడ్డాక ఇంకొకరైతే కుంచె విరిచి పొయ్యిలో పెట్టేవారు. కొమురెల్లి రఘుపతి దుకాణానికి పోయి స్టూలు మీద ధడేల్మని కూర్చున్నాడు. రఘుపతి నంబర్ ప్లేటు మీంచి తలెత్తకుండానే ఒక్క మాట అడిగాడు.

"అక్క ఆమె జూసింది ఆమె ఏసింది. చేర్యాల అవ్వ ఆమె జూసింది ఏస్తది. నువ్వు ముప్పై నాలుగేండ్లు ఏం జూసినవ్ కాకా?"

"ఏం జూస్త? కప్పు జూసిన."

అని, తన మాట తనకే వినబడి, కొమురెల్లి లేచి ఇంటికి నడిచాడు.

అప్పుడు మొదలైంది అసలు పని. ఐదు గజాల ఖద్దరు. చేర్యాల ముసలమ్మ నేర్పినట్టే అంబలి పట్టించాడు గానీ ఎరుపు వెయ్యలేదు. బొగ్గును మెత్తగా నూరి తుమ్మబంకలో కలిపి గుడ్డంతా నలుపు చేశాడు. ఆ బొగ్గు నూరింది లస్మవ్వ రోట్లో కాబట్టి రెండు రోజులు ఇంట్లో పచ్చడి లేదు, మాట కూడా లేదు. పైనుంచి కిందికి పదకొండు అరలు. ప్రతి అరలోనూ ఒక చోటు, ఆ చోటు కింద నిలబడి తలెత్తి చూస్తే కనబడే కప్పు. చీలికలు, కారే నీళ్లు, రాయి ఊడకుండా దిగగొట్టిన బోల్టులు, వాటి మీద టోపీ దీపం వేసిన గుండ్రటి వెలుగు. ఆ వెలుగు అంచున పైకి చూస్తున్న ముఖాలు, గడ్డం కిందినుంచి కనిపించే ముఖాలు. నలుపులో నలుపును విడదీయడం నల్లబొమ్మల అక్క దగ్గర నేర్చింది. అరలు దించడం చేర్యాలది. అయితే అరల మధ్య పూలబద్దె ఉండాల్సిన చోట కొమురెల్లి తారీఖులు రాశాడు. రఘుపతి నేర్పిన సన్నం, లావు గీతలతో తెల్లటి తారీఖులు, వాటి కింద 'కొ'. పని చేసినన్నాళ్లు రోజుకొకటి చొప్పున తుడిచేసిన తారీఖుల్లోంచి అరకొకటి వెనక్కి పిలిచి వరసలో నిలబెట్టాడు. ఒక్కటే నియమం పెట్టుకున్నాడు. తాను కర్రతో తట్టిన చోటే వెయ్యాలి, తట్టనిది వెయ్యకూడదు.

ఎనిమిది అరలు పరుగెత్తాయి. తొమ్మిదో అర దగ్గర చెయ్యి ఆగింది.

పద్దెనిమిదేళ్ల కిందటి మాట. ఆ రోజు బొగ్గు మోసే టబ్బు పట్టా తప్పి కొమురెల్లికి ఆలస్యమైంది. చివరి చోటు నెల రోజులుగా ఖంగుమంటూనే ఉంది. ఇవాళ మాత్రం ఏమవుతుందిలే అనుకున్నాడు. కర్ర లేపలేదు. నిన్నటి తారీఖు తుడిచాడు, ఇవాళ్టిది వేశాడు, 'కొ' రాశాడు. బొగ్గు నింపే గట్టయ్య అప్పుడే తట్టతో వచ్చాడు. వరసకు బావ. తట్టినవా బావా అని అడిగాడు. తట్టిన పో అన్నాడు కొమురెల్లి. రెండు గంటల తర్వాత కప్పు కూలింది. గట్టయ్యను బయటికి తెచ్చేసరికి ప్రాణం లేదు.

కప్పు కూలింది గానీ గోడ నిలిచింది. గోడ మీద తారీఖు నిలిచింది. ఎంక్వైరీకి వచ్చిన వాళ్లు దీపాలు పట్టి చూశారు. తారీఖుంది, అక్షరముంది, కాబట్టి చోటు తట్టి చూసినట్టే. మరి మనిషి ఎట్లా పోయాడు? సర్దార్ చెప్పిన హద్దు దాటి ముందుకు పోయి ఉంటాడని రాసుకున్నారు. కొమురెల్లి నోరు విప్పలేదు. ఆనాటి నుంచి వాడల్లో గట్టయ్య పేరు వస్తే మంచోడే గాని మొండోడు, చెప్తే వినకపోయె అనేవారు. అతని భార్య సమ్మవ్వ ఆ మాటలు పడలేక బెల్లంపల్లికి పోయి చిన్న కిరాణం పెట్టుకుంది.

నేను కొమురెల్లిని వెనకేసుకురావడం లేదు. చేసింది తప్పు, దాచింది ఇంకా పెద్ద తప్పు. ఆ మాట అతనికి నేను చెప్పాల్సిన పని లేదు. రోజూ పండుకునే ముందు తన ఇంటి స్లాబును కూడా తట్టి గానీ మంచమెక్కని మనిషి. తొమ్మిదో అరలో ఏమీ వెయ్యలేదు. ఉత్త నలుపు వదిలేశాడు. కింద ఆ నాటి తారీఖు, 'కొ' రాసి, పదో అరకు దిగాడు.

పటం పూర్తయ్యాక చూడటానికి వచ్చిన విజయేంద్ర సార్ మొదటి అర దగ్గర నిలబడిపోయాడు. ఇది నీది, ఇది పూర్తిగా నీది అని ఆ పెద్దాయన రెండుసార్లు అన్నాడు. ప్రదర్శనలో ఎదురుగోడ మొత్తం దీనికే ఇస్తానన్నాడు. తొమ్మిదో అర ఎందుకు ఖాళీ అని అడిగాడు. కొమురెల్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఆ ఒక్క అర తీసెయ్యమన్నాడు. ఆఫీసర్లొస్తారు, యూనియన్ల వాళ్లొస్తారు, పాత గాయాలు రేపడానికి ప్రదర్శన పెట్టడం లేదన్నాడు.

"నాది నన్నెయ్యిమన్నది మీరే గద సార్."

"బొమ్మ వెయ్యమన్న కొమురెల్లీ. ఇది బొమ్మ కాదు, వాంగ్మూలం."

"ఏదైనా గానీ సార్. పదకొండు అరలుంటెనే పటం."

మాట ఊళ్లో పాకింది. కొమురెల్లితో పాటు సర్దార్‌గా చేసిన ఉపేందర్ ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చాడు. నువ్వొక్కడివి ఒక్కనాడు తట్టకపోతే సర్దార్లందరం తట్టనట్టేనా అని నిలదీశాడు. మూసిన ఎంక్వైరీని తెరిస్తే కేసవుతుందన్నాడు, ముసలితనంలో కోర్టు మెట్లెక్కుతావన్నాడు. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. కొమురెల్లి అంతా విని, ఆ నల్ల అర కింద ఉన్నది నా అక్షరమా మీ అక్షరమా అని అడిగాడు. నీదే అన్నారు. అయితే కేసు కూడా నాదే, చాయ్ తాగి పోండి అన్నాడు. వాళ్లు చాయ్ తాగకుండానే పోయారు.

లస్మవ్వ కూడా మీద పడుతుందనుకొని దానికీ జవాబు సిద్ధం చేసుకున్నాడు. ఆమె పటం వైపు చూసి ఒకటే అడిగింది.

"ఊరందరికి చెప్పవడితివి. సమ్మవ్వకు చెప్పినవా?"

 ఎవరికీ జంకని మనిషి బెల్లంపల్లి పోయి, కిరాణం ముందు అరగంట నిలబడి, అవసరం లేని సబ్బు ఒకటి కొన్నాడు.  ఆదివారం ఖనిలో నా బొమ్మ పెడుతున్నరు, రావాలె చెల్లె అని మాత్రం అనగలిగాడు. అన్న పిలిస్తే రానా అంది సమ్మవ్వ. 

ఆదివారం పొద్దున ప్రదర్శన హాలు నిండింది. కొమురెల్లి గడప దాటి, అలవాటు ప్రకారం ఒకసారి పైకప్పు చూసి, తర్వాత ఎదురుగోడ చూశాడు. పటం వేలాడుతోంది. కానీ పొట్టిగా ఉంది. ఎనిమిదో అర కిందనే పదో అర ఉంది. తొమ్మిదో అరను మడిచి లోపలికి తోసి, ఆ మడత కనబడకుండా అటూ ఇటూ గుండుసూదులు గుచ్చారు. విజయేంద్ర సార్ ముందుకు వచ్చి, చింపలేదు కొమురెల్లీ, మడిచానంతే అన్నాడు. ఆయన గొంతులో బతిమాలడమే ఉంది, పాపం ఆయన చెడ్డవాడు కాదు.

"సార్, మీరు నాకు గురువు. మీ కాళ్లు మొక్కుత. గీ సూదులను మాత్రం ఉండనియ్య."

అన్నంత పనీ చేశాడు. అందరి ముందూ వంగి సార్ కాళ్లు మొక్కాడు. లేచి గోడ దగ్గరికి పోయి ఒక్కొక్క సూది పీకి కింద పారేశాడు. ఎవరో వద్దంటున్నారు, ఎవరో ఫోన్‌లో తీస్తున్నారు. ఆఖరి సూది ఊడగానే మడత జారి, గుడ్డ బరువుగా కిందికి దిగి నేలను తాకింది. నల్ల అర బయటపడింది.

సమ్మవ్వ అప్పటికే వచ్చి జనం వెనక నిలబడి ఉంది. మెల్లగా ముందుకు వచ్చింది. ఒక్కొక్క అర చూసుకుంటూ, ముఖాల్లో ఎవరినో వెతుక్కుంటూ కిందికి దిగింది. తొమ్మిదో దగ్గర ఆగింది. ఆమెకు అక్షరాలు అంతగా రావు గానీ అంకెలు వచ్చు. ఆ తారీఖు ఆమెకు ఎవరూ చదివి చెప్పక్కర్లేదు.

"గీడ బొమ్మ లేదేంది అన్నా?"

కొమురెల్లి పద్దెనిమిదేళ్లు మింగిన మాటను కక్కాడు. హాల్లో అందరూ విన్నారు, విననీ.

"ఆ పొద్దు నేను తట్టలే చెల్లె. కర్ర లేపలే. బావ అడిగిండు. తట్టిన పో అన్న. ఆయన హద్దు దాటలే. నేను రాసిన అక్షరం నమ్మి నిలబడ్డడు."

 సమ్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఆ నలుపునే చూసింది. కొమురెల్లి దెబ్బలకైనా సిద్ధంగా నిలబడ్డాడు.

"ఊరోళ్లు మొండోడన్నరు, సరే," అంది చివరికి. "నేను గూడ అన్న. పద్దెనిమిదేండ్ల సంది ఫోటోకు దండేసుకుంట, చెప్తే వినకపోతివి గదరా అని తిట్టిన. సచ్చినోన్ని తిట్టిన."

కొమురెల్లి తల వంచుకున్నాడు. దీనికన్నా రెండు చెంపదెబ్బలు నయమనిపించింది. క్షమించమని అడగడానికి నోరు తెరిచాడు గానీ ఆమె అడగనివ్వలేదు.

"గది నేను తర్వాత జూస్త. గిట్ల నల్లగ ఇడిసిపెడితె ఎవలకు ఎర్కైతది? నీకెర్క, నాకెర్క. గీడ రాయి. సదువొచ్చినోడు ఎవడొచ్చినా సదువాలె."

జేబులో సుద్దముక్క ఉండనే ఉంది. రఘుపతి నేర్పిన నిండైన అక్షరాలతో, దూరం నుంచి కూడా కనబడేటట్టు రాశాడు. 'ఇక్కడ తట్టలేదు. గట్టయ్య తప్పు లేదు.' సమ్మవ్వ గట్టిగా చదవమంది. చదివాడు. ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాడు. ఆ పటంలో ఎవరినీ చూసి నేర్చుకోని పని ఏదైనా ఉందంటే ఆ రెండు మాటలే. విజయేంద్ర సార్ వంగి నేల మీది సూదులు ఏరి జేబులో వేసుకున్నాడు, మళ్లీ గోడ జోలికి పోలేదు.

ఉపేందర్ మాత్రం ఓర్చుకోలేకపోయాడు. జనాన్ని తోసుకుంటూ వచ్చి, సుద్దరాతే కదా, తుడిస్తే పోతుందని అరచెయ్యి ఎత్తాడు. బాయిలో వేల సార్లు గోడ మీద తారీఖులు తుడిచిన చెయ్యి, ఎత్తిన తీరు కూడా అదే. సమ్మవ్వ ఆ చేతికీ గుడ్డకూ మధ్యకు వచ్చింది.

"చెయ్యి దించు తమ్మీ. తుడుసుటానికి గిది నిన్నటి తారీఖు గాదు."

ఉపేందర్ చెయ్యి కాసేపు అట్లాగే గాలిలో ఉంది, తర్వాత దిగింది. సమ్మవ్వ ఒక కుర్చీ లాక్కొని తొమ్మిదో అర పక్కనే కూర్చుంది. వచ్చిన ప్రతి మనిషినీ ఆపి, ఇది చదివి పో బిడ్డా అంది. సాయంత్రం హాలు మూసేదాకా అక్కడి నుంచి లేవలేదు.